నూర్జహాన్‌ని లత పక్కన నిలబెట్టి చూస్తే సగమే కనిపిస్తుంది

పాత హిందీ పాటల అభిమానులు నలుగురు ఒకచోట చేరితే ఈ మాట రాక మానదు: దేశ విభజనప్పుడు నటి, గాయని నూర్జహాన్ పాకిస్తాన్ వెళ్ళిపోకుండా ఉంటే లతా మంగేష్కర్‌కి అంత చోటు దొరికేదా? రేడియో సిలోన్ వింటూ పెరిగిన పెద్దవాళ్ళు హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ ఇప్పటికీ దీని మీద గంటలకొద్దీ వాదించుకుంటారు. ఒకరు నూర్జహాన్ ‘అన్‌మోల్ ఘడీ’ పాట అందుకుంటారు. లత తొలినాళ్ళ పాటలు వినండి, నూర్జహాన్ నీడ ఎంతుందో తెలుస్తుంది అంటారు ఇంకొకరు. చర్చ సరదాగానే ఉంటుంది. కాకపోతే అది మొదలు నుంచి చివరిదాకా లత గురించే నడుస్తుంది. నూర్జహాన్‌ది అందులో పక్కపాత్ర.

ఒకసారి లెక్క చూడండి. బొంబాయిలో ఆమె పనిచేసింది నాలుగైదేళ్ళు. సరిహద్దు దాటేనాటికి ఆమెకి 21 ఏళ్ళు. ఆ తర్వాత లాహోర్ కేంద్రంగా నాలుగు దశాబ్దాలకి పైగా పాడింది. నటించింది, దర్శకత్వం చేసింది, నటన మానేసింది, రెండు పెళ్ళిళ్ళు చేసుకుని రెండూ వదులుకుంది, ఆరుగురు పిల్లల్ని పెంచింది, ఒక యుద్ధానికి గొంతు అయింది, ఒక సైనిక పాలకుడి పేరు పక్కన వదంతిగా మారింది, 50 దాటాక కుర్ర హీరోయిన్లకి పాటలు పాడింది. ఇదంతా మన కబుర్లలో ‘పాకిస్తాన్ వెళ్ళిపోయింది’ అనే ఒక్క ముక్కలో తేలిపోతుంది.

ఆ పాత ప్రశ్నకి జవాబు కూడా అంత కష్టమైందేమీ కాదు. సురయ్యా సంగతి చూస్తే చాలు. ఆమె లాహోర్‌లోనే పుట్టింది, 1946 నాటి ‘అన్‌మోల్ ఘడీ’లో నూర్జహాన్‌తో కలిసి నటించింది, తన పాటలు తనే పాడుకునేది. విభజన తర్వాత బొంబాయిలోనే ఉండిపోయింది. ఎక్కడికీ వెళ్ళలేదు. అయినా 1950ల మధ్యకి వచ్చేసరికి ఆమె జోరు తగ్గింది, 1963తో సినిమాలు ఆగిపోయాయి. తెర మీద ఒకరు, తెర వెనక మైకు ముందు ఇంకొకరు అనే పద్ధతి అప్పటికే స్థిరపడింది. మన దగ్గరా అంతే. లీల, జిక్కి, ఘంటసాల వచ్చాక సొంత గొంతుతో నిలబడిన తారలు భానుమతి, ఎస్. వరలక్ష్మి లాంటి కొద్దిమందే. నూర్జహాన్ ఉండిపోయినా లత వచ్చేది. ఆమెకి తొలి మంచి అవకాశం 1948లో ‘మజ్బూర్’లో ఇచ్చింది గులాం హైదర్. నూర్జహాన్‌ని ‘ఖాందాన్’లో అంతెత్తుకి తీసుకెళ్ళిన సంగీత దర్శకుడూ ఆయనే. ఒక చెవి రెండు గొంతుల్నీ పట్టింది. అంతకుముందే, 1945 నాటి ‘బడీ మా’లో నూర్జహాన్ హీరోయిన్ అయితే లత ఓ చిన్న వేషం వేసింది. ఇద్దరూ చివరిదాకా ఒకరి గురించి ఒకరు గౌరవంగానే మాట్లాడుకున్నారు. పోటీ పెట్టిందల్లా అభిమానులే.

నా ఉద్దేశంలో అడగాల్సింది వేరే. తలుపు మూసుకున్న ప్రతిసారీ ఆమె ఇంకో తలుపు ఎలా వెతుక్కుంది? ఆమె ప్రేమకథలు, కోపాలు, చీరలు, నగల గురించి బోలెడు రాశారు. పనిమనిషిగా, అంటే పాట పాడి పూట గడుపుకున్న మనిషిగా చూసినవాళ్ళు తక్కువ.

పుట్టింది 1926 సెప్టెంబర్‌లో, పంజాబ్‌లోని కసూర్‌లో. పేరు అల్లా వసాయి. పాడటం, వాయించటం వృత్తిగా ఉన్న కుటుంబం. కసూర్ చిన్న ఊరే గానీ సూఫీ కవి బుల్లే షా దర్గా ఉన్న ఊరు. సంగీతంలో మాత్రం పెద్ద ఊరు. ఉస్తాద్ బడే గులాం అలీఖాన్ కూడా అక్కడివాడే. మనకి ఇక్కడో బంధుత్వం ఉంది. నూర్జహాన్ బొంబాయి వదిలి అటు వెళ్తే, బడే గులాం అలీఖాన్ పాకిస్తాన్‌లో ఇమడలేక ఇటు వచ్చి, 1957లో భారత పౌరసత్వం తీసుకున్నారు. చివరి రోజులు హైదరాబాద్‌లో బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో గడిపి 1968లో అక్కడే కన్నుమూశారు. ఆయన సమాధి పాతబస్తీలో దాయిరా మీర్ మోమిన్‌లో ఉంది. ఒకే ఊరి ఇద్దరు గాయకులు గీతకి అటొకరు ఇటొకరు సర్దుకున్నారు. విభజనలో సంగీతం ఎవరికి పోయింది, ఎవరికి మిగిలింది అని లెక్కలు వేసేవాళ్ళు ఈ రెండో పద్దు కూడా రాసుకుంటే బాగుంటుంది.

అల్లా వసాయి చిన్నప్పుడే అక్కలతో కలిసి వేదికలెక్కింది. 1930ల్లో కుటుంబం కలకత్తా చేరింది. అప్పట్లో పంజాబీ సినిమాలు కూడా అక్కడే తయారయ్యేవి. ‘బేబీ నూర్జహాన్’ అన్న పేరు అక్కడ వచ్చిందే. దీన్ని బాలమేధావి కథగా చెప్పటం మనకి అలవాటు. నిజానికి అది ఒక పిల్ల కూలి. పదేళ్ళు కూడా నిండని పిల్ల పాట మీద ఇంట్లో పొయ్యి వెలిగే పరిస్థితి. ఆమెలో తర్వాత కనిపించిన మొండితనం, డబ్బు దగ్గర గట్టిగా ఉండటం, మైకు ముందు క్షణం కూడా వృథా చేయకపోవటం ఇక్కడి నుంచే వచ్చాయని నాకు అనిపిస్తుంది.

లాహోర్‌కి తిరిగొచ్చాక 1939లో పంజాబీ ‘గుల్ బకావలీ’, ఆ మరుసటేడు ‘యమ్లా జట్’, 1942లో పంచోలీ వారి ‘ఖాందాన్’. ‘ఖాందాన్’ హీరో ప్రాణ్, తర్వాత మనందరికీ విలన్‌గా తెలిసిన ప్రాణే. దర్శకుడు షౌకత్ హుసేన్ రిజ్వీ ఆమె మొదటి భర్త అయ్యాడు. బొంబాయిలో ‘జీనత్’, ‘అన్‌మోల్ ఘడీ’, దిలీప్ కుమార్‌తో ‘జుగ్ను’ వరసగా ఆడాయి. 1945 నాటి ‘జీనత్’లో ఆమె, జోహ్రాబాయి అంబాలేవాలీ, కల్యాణి కలిసి పాడిన ఖవ్వాలీ గురించి ఒక మాట. ఖవ్వాలీ అప్పటిదాకా మగవాళ్ళ సొత్తు. పూర్తిగా ఆడగొంతులతో సినిమాల్లో వచ్చిన మొదటి ఖవ్వాలీగా దాన్నే చెబుతారు. ఆ తర్వాత హిందీ సినిమాల్లో వచ్చిన ఆడవాళ్ళ ఖవ్వాలీలన్నిటికీ మూలం అక్కడుంది.

బొంబాయి రోజుల్లో ఆమెని దగ్గరగా చూసిన ఉర్దూ కథకుడు సాదత్ హసన్ మంటో ఆమె గురించి ఓ వ్యాసం రాశాడు. అందులో ఒక సంగతి మర్చిపోలేం. గాయకులు మామూలుగా దూరం పెట్టేవన్నీ ఆమె తినేదట. పుల్లటివి, నూనెవి, ఊరగాయలు బాగా లాగించి, పైన ఐసు నీళ్ళు తాగి, అప్పుడు మైకు ముందుకి వెళ్ళేదట. గొంతుకి పరీక్ష పెట్టటం అన్నమాట. ఊరగాయ లేనిదే ముద్ద దిగని మనవాళ్ళకి ఇది చెప్తే ఎంత సంతోషిస్తారో. గొంతుకి పట్టు వేసుకుని, మఫ్లర్ చుట్టుకుని తిరిగే మన సంగీత విద్వాంసులు మాత్రం నమ్మరు.

1947లో భర్తతో, పిల్లలతో కరాచీ చేరి, అక్కణ్ణుంచి లాహోర్ వెళ్ళింది. లాహోర్ సినిమా పరిశ్రమ అప్పటికి చాలావరకు ఖాళీ అయిపోయింది. స్టూడియోలు నడిపిన హిందూ యజమానులు ఇటు వచ్చేశారు. అల్లర్లలో దెబ్బతిని, రూప్ షోరీ వదిలేసి వచ్చిన స్టూడియో రిజ్వీ దంపతుల చేతికి వచ్చింది. దాన్ని బాగుచేసి ‘షానూర్’ అని పేరు పెట్టుకున్నారు. షౌకత్‌లో ‘షా’, నూర్జహాన్‌లో ‘నూర్’. అక్కడి నుంచే 1951లో పంజాబీ ‘చన్ వే’ వచ్చింది. దర్శకత్వంలో ఆమె పేరుంది, పాకిస్తాన్‌లో సినిమా తీసిన తొలి మహిళగా రికార్డు ఆమెదే. పని అంతా భర్తే చేశాడు, ఆమెది పేరు మాత్రమే అని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటున్నారు. ఆడమనిషి పేరు దర్శకత్వం కింద పడిన ప్రతిచోటా ఈ మాట వినిపిస్తుంది. మరుసటేడు ‘దుపట్టా’ సరిహద్దు ఇటువైపు కూడా బాగా ఆడింది.

ఇక్కడ నాకు లత కన్నా భానుమతి గుర్తొస్తుంది. ఇద్దరూ ఏడాది తేడాతో పుట్టినవాళ్ళే. ఇద్దరూ 1930ల్లో తెరకి పరిచయమై, తమ పాట తామే పాడుకున్నవాళ్ళు. ఇద్దరూ 1943 ప్రాంతంలో సినిమా దర్శకత్వ శాఖలోని వాళ్ళనే పెళ్ళాడారు. అక్కడ షానూర్ అయితే ఇక్కడ మద్రాసులో కొడుకు పేరు మీద భరణీ స్టూడియో. అక్కడ 1951లో ‘చన్ వే’ అయితే ఇక్కడ 1953లో ‘చండీరాణి’, అదీ తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లో. భానుమతి కూడా పెళ్ళయ్యాక సినిమాలు మానేసి ఇంటిపట్టున ఉందామనుకున్న మనిషే. బి.ఎన్. రెడ్డి ‘స్వర్గసీమ’ కోసం వెనక్కి తీసుకొచ్చారు. అక్కడి నుంచి ఆమె వెనుదిరిగి చూడలేదు. అయిదు దశాబ్దాలు నటించింది, పాడింది, దర్శకత్వం చేసింది, అత్తగారి కథలు రాసింది, సెట్లో ఎవరికీ తలవంచలేదు.

నూర్జహాన్‌కి ఆ దారి దొరకలేదు. రిజ్వీతో కాపురం 1950ల మొదట్లోనే చెడింది. విడాకుల బేరంలో స్టూడియో ఆయనకి మిగిలింది. పిల్లల కోసం గొడవలు, కోర్టులు, పత్రికల్లో రాతలు. 1959లో తనకన్నా చిన్నవాడైన నటుడు ఎజాజ్ దుర్రానీని పెళ్ళాడింది. తర్వాత నటన ఆగిపోయింది. భార్య తెర మీద కనిపించటం భర్తకి ఇష్టం లేకపోవటమే కారణమని ఆమె కథ రాసినవాళ్ళంతా చెప్పే మాట. 1961లో వచ్చిన ‘గాలిబ్’ ఆమె నటించిన ఆఖరి సినిమా. అప్పటికి వయసు 35. ఎజాజ్ మాత్రం హీరోగా అప్పుడే పైకి వస్తున్నాడు.

విభజన వల్ల పోయిందని మనం వాపోయే నటిని అసలు ఇంటికి పంపింది విభజన కాదు, పెళ్ళి. సంస్కృతి, మతం, పాకిస్తాన్ అంటూ పెద్ద పెద్ద మాటలు వాడే ముందు దీన్ని చూడాలి. మద్రాసులో భానుమతిని సినిమాల్లో ఉండనిచ్చిన పరిస్థితులూ, లాహోర్‌లో నూర్జహాన్‌ని తెర దింపిన పరిస్థితులూ ఒక్కో ఇంట్లో తేలిన విషయాలే. రెండు చోట్లా సినిమా ఆడవాళ్ళ మీద సమాజం చూపు మాత్రం ఒకేలా ఉండేది.

తెర పోయింది, పాట మిగిలింది. ఇక్కడే ఆమె ఎవరూ ఊహించని పని చేసింది. గాయనిగా పేరొచ్చి నటి అయినవాళ్ళు ఉన్నారు. నటీమణిగా శిఖరం మీద ఉండి, ముఖం పూర్తిగా దాచేసుకుని, ఇతర హీరోయిన్లకి గొంతు అరువిచ్చి మళ్ళీ మొదటి స్థానంలో కూర్చున్నవాళ్ళు నాకు తెలిసి ఇంకొకరు లేరు. ముందు తన పెదాల కదలికకి తగ్గట్టు పాడుకున్న మనిషి ఇప్పుడు వేరేవాళ్ళ ముఖం ఊహించుకుని పాడాలి. ఆ హీరోయిన్ బొద్దుగా ఉంటుందా, సన్నగా ఉంటుందా, కోపం ఎక్కువా, బిడియం ఎక్కువా అన్నవన్నీ గొంతులోకి రావాలి. నటన ఆమెని వదిలిపోలేదు, గొంతులోకి దిగింది అనుకోవచ్చు.

దీనికి మంచి ఉదాహరణ 1970 నాటి ‘హీర్ రాంఝా’. ఖుర్షీద్ అన్వర్ సంగీతం. రాంఝాగా ఎజాజ్, హీర్‌గా ఫిర్దౌస్. ఫిర్దౌస్ పెదాల మీద వినిపించే గొంతు నూర్జహాన్‌ది. అంటే తన భర్త ఎదురుగా నిలబడి ప్రేమించే పడుచుపిల్లకి 44 ఏళ్ళ భార్య గొంతిచ్చింది. కాస్త అటూ ఇటూగా అదే సమయంలో ఆ కాపురమూ ముగిసింది. ఈ వివరం తెలిశాక ‘సున్ వంఝలీ దీ మిఠ్రీ తాన్ వే’ వినటం కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. ఆ పాటలో హీర్ వేణునాదానికి తననే మర్చిపోయి పరుగెత్తే పిల్ల. పాడిన మనిషికి మైమరుపు సంగతి బాగా తెలుసు, దాని ఖరీదు కూడా తెలుసు. అయినా పాటలో ఎక్కడా ఆ తెలివి కనిపించదు. అది పనితనం.

ఉర్దూలో అయితే 1962 నాటి ‘ఖైదీ’ కోసం పాడిన ఫైజ్ అహ్మద్ ఫైజ్ కవిత. రషీద్ అత్రే బాణీ. నాలుగు పాదాలకోసారి పల్లవికి తిరిగొచ్చే పాట కాదది, నజ్మ్, అంటే ఒకే భావం మీద సాగే ఉర్దూ కవిత. ప్రేయసితో మాట్లాడుతూ మొదలై, లోకంలో ప్రేమ కాక ఇంకా దుఃఖాలున్నాయని దారి మళ్ళుతుంది. సంతలో అమ్ముడుపోయే శరీరాల దాకా వెళ్తుంది. అలాంటిదాన్ని సినిమా పాట చేయటమే సాహసం. ఆమె ఏడవకుండా పాడింది. ఏడిస్తే అది విరహగీతం అయిపోయేది. ఆ తర్వాత సభల్లో ఎవరైనా ఆ కవిత చదవమంటే, అది ఇప్పుడు నాది కాదు, నూర్జహాన్‌ది అని ఫైజ్ అనేవారని చెప్పుకుంటారు. కవులు అంత తేలిగ్గా ఇచ్చేసే రకం కాదు.

1965 సెప్టెంబర్ యుద్ధం ఆమెని ఇంకో మెట్టు ఎక్కించింది. 17 రోజుల యుద్ధం. లాహోర్ సరిహద్దుకి కూతవేటు దూరంలో ఉంది. రేడియో పాకిస్తాన్ లాహోర్ స్టేషన్‌లో ఆమె రోజూ కూర్చుని పాట వెంట పాట రికార్డు చేసింది. రాసి, బాణీ కట్టి, పాడి ప్రసారం చేయటం అన్నీ గంటల్లో జరిగేవి. వాటిలో సూఫీ తబస్సుమ్ రాసిన పంజాబీ పాట, కొడుకులు అంగట్లో దొరికే సరుకు కాదని చెప్పేది, ఇప్పటికీ అక్కడ ప్రతి సెప్టెంబర్‌లో మోగుతుంది. తబస్సుమ్ పిల్లల పాటలు రాసిన కవి. ఆ పాటలో శత్రువుని తిట్టటం కన్నా బిడ్డల మీద గర్వమే ఎక్కువ.

ఆ పాటలు మన సైన్యానికి ఎదురుగా ఉన్న సైన్యం కోసం పాడినవి. మన వైపు నుంచి వినేటప్పుడు ఆ ముల్లు గుచ్చుకుంటుంది, గుచ్చుకోవటమూ సహజమే. లతతో పోలిక వద్దన్నాను గానీ ఇక్కడ మాత్రం పనికొస్తుంది. రెండేళ్ళ ముందే, 1963 జనవరిలో, చైనా యుద్ధంలో చనిపోయిన సైనికుల కోసం ఢిల్లీలో లత పాడిన పాటకి నెహ్రూ కంటతడి పెట్టారు. రెండు కొత్త దేశాలకీ యుద్ధం వచ్చినప్పుడు ఒక ఆడగొంతు కావలసి వచ్చింది. తేడా ఎక్కడంటే, లత అప్పటికే తెల్లచీరలో దేవతలా ఉన్న మనిషి. నూర్జహాన్ రెండో పెళ్ళి చేసుకున్న సినిమా తార, పత్రికలకి రోజువారీ మేత. యుద్ధం పాటలు ఆమెకి తల్లి హోదా ఇచ్చాయి. ‘మలికా-ఎ-తరన్నుమ్’, అంటే స్వరాల మహారాణి అన్న బిరుదు పక్కన ప్రభుత్వ పురస్కారం చేరింది. ఇంటి గుట్టు గురించి గొణిగేవాళ్ళు కొంతకాలం నోరు మూసుకున్నారు.

ఎంతో కాలం కాదు. 1971లో తూర్పు పాకిస్తాన్ చేజారింది. ఓటమికి కారణాలు వెతికిన దేశం అప్పటి సైనిక పాలకుడు జనరల్ యాహ్యా ఖాన్ తాగుడు, ఆయన దగ్గరికి వచ్చిపోయిన ఆడవాళ్ళ జాబితా మీద పడింది. ఆ జాబితాలో నూర్జహాన్ పేరూ వినిపించింది. ఢాకాలో ఏం జరిగింది, ఎన్నికల్లో గెలిచినవాళ్ళకి అధికారం ఎందుకివ్వలేదు అన్నవి పెద్ద ప్రశ్నలు. పాటగత్తెల రాకపోకలు చిన్న ప్రశ్న. జనం నోట ఎక్కువ నలిగింది చిన్నదే. ఆరేళ్ళ ముందు అదే గొంతు సైనికులకి అమ్మ. ఆమె దీనికి సంజాయిషీలు ఇచ్చుకుంటూ కూర్చోలేదు. స్టూడియోకి వెళ్ళి పాడింది.

ఆ తర్వాతి ఇరవై ఏళ్ళని విమర్శకులు తొందరగా దాటేస్తారు. నాకు అక్కడే ఎక్కువ ఆసక్తి. ఢాకా మార్కెట్ పోవటంతో ఉర్దూ సినిమా నీరసించింది. 1977లో సైనిక పాలకుడిగా జియా ఉల్ హక్ వచ్చాక నిబంధనలు బిగిశాయి. మధ్యతరగతి ఇంట్లో వీసీఆర్ పెట్టుకుని దొంగచాటు క్యాసెట్లలో హిందీ సినిమాలు చూడటం మొదలుపెట్టింది. 1965 నుంచి థియేటర్లలో మన సినిమాలకి నిషేధం ఉండేది కదా. హాళ్ళకి వచ్చేది కూలీలు, రైతులు, లారీ డ్రైవర్లు. వాళ్ళ కోసం తయారైంది గండాసా సినిమా, అంటే పొడవాటి కర్రకి బిగించిన గొడ్డలి పట్టుకుని పగ తీర్చుకునే హీరో కథ. 1979 నాటి ‘మౌలా జట్’తో సుల్తాన్ రాహీ దానికి చక్రవర్తి అయ్యాడు.

ఈ సినిమాల్లో హీరో అరుస్తాడు, విలన్ అరుస్తాడు. మధ్యలో హీరోయిన్ పొలం గట్ల మీద నాట్యం చేస్తుంది. ఆ పాట నూర్జహాన్‌ది. 1981 నాటి ‘షేర్ ఖాన్’లో హీరోయిన్ అంజుమన్‌కి పాడేటప్పుడు ఆమెకి 55. సంగీతం వజాహత్ అత్రే. పైన చెప్పిన రషీద్ అత్రే కొడుకే. తండ్రి ఆమె చేత ఫైజ్ కవిత పాడిస్తే కొడుకు కాలి పట్టీల పాట పాడించాడు. పెద్దమనుషులకి ఇది పతనం. కొన్ని పాటల్లో మాటలు పచ్చిగా ఉన్న మాట నిజమే, ఒకే అచ్చులో పోసినట్టుండే బాణీలూ బోలెడు. అయినా పాట అందుకున్న క్షణంలో ఆ పై స్థాయిలో గొంతు నిలబెట్టటం, చరణం చివర ఒక విసురు, మాటని పళ్ళ మధ్య కొరికి వదలటం చూస్తే, ఉర్దూ నజ్మ్‌కి పెట్టిన శ్రద్ధే ఇక్కడా పెట్టిందని తెలుస్తుంది. హాల్లో వెనక బెంచీలో కూర్చున్నవాడు తక్కువ శ్రోత అని ఆమె అనుకోలేదు. పంజాబీ ఆమెకి కసూర్ భాష, అమ్మ భాష. ఉర్దూ తర్వాత నేర్చిన మర్యాద.

ఇతర గాయనుల్ని ఎదగనివ్వలేదన్న ఆరోపణ లతకి ఉన్నట్టే ఆమెకీ ఉంది. పంజాబీ సినిమా వరకు అందులో నిజం ఉంది. నిర్మాతలు ఆమె గొంతు లేకపోతే పంపిణీదారులు సినిమా కొనరని భయపడేవారు, ఆ భయాన్ని ఆమె పోగొట్టే ప్రయత్నమేమీ చేయలేదు. ఉర్దూలో మాత్రం మాలా, రూనా లైలా, తర్వాత నాహీద్ అఖ్తర్, మెహనాజ్ తమ చోటు తాము సంపాదించుకున్నారు. ఆరుగురు పిల్లల్ని పెంచే ఒంటరి తల్లి రోజుకి ఎన్ని రికార్డింగులు దొరికితే అన్నీ చేస్తుంది. దాన్ని దురాశ అంటే అనొచ్చు. అదే పని చేసిన మగ గాయకుణ్ణి బిజీ అంటాం.

ఎన్ని పాటలు పాడింది అంటే పది వేలు అని టక్కున చెప్తారు. ఇలాంటి గుండ్రటి అంకెల్ని నమ్మకపోవటం మంచిది. లత పేరు మీద గిన్నిస్ పుస్తకం ఒకప్పుడు 25 వేలు అని రాస్తే రఫీ అభ్యంతరం పెట్టారు, అది పెద్ద రభస అయింది. మన సుశీలమ్మకి 2016లో గిన్నిస్ గుర్తింపు వచ్చినప్పుడు పాటలు ఒక్కొక్కటీ లెక్కబెట్టి 17,695 అని తేల్చారు. అలాంటి ఓపిక లాహోర్ సినిమాకి ఎవరూ పెట్టలేదు. నూర్జహాన్‌నే అడిగితే, పాటలూ లెక్కబెట్టలేదు పాపాలూ లెక్కబెట్టలేదు అందని ఒక మాట ప్రచారంలో ఉంది. అన్నదో లేదో గానీ ఆమె నోటికి సరిపోయే మాటే.

1982లో ఆమె బొంబాయి వచ్చింది. భారతీయ టాకీ స్వర్ణోత్సవాల వేడుక. దిలీప్ కుమార్ వేదిక మీద పరిచయం చేశారు, సంగీత దర్శకుడు నౌషాద్ ఉన్నారు, ఆమె ‘అన్‌మోల్ ఘడీ’లోని ‘ఆవాజ్ దే కహాఁ హై’ పాడింది. ఆ వీడియో ఇప్పటికీ దొరుకుతుంది. అందరూ చమర్చిన కళ్ళతో చూసే వీడియో అది. నాకు అందులో ఒకటి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. హాలు హాలంతా 1946 కోసం ఎదురుచూస్తోంది. ఎదుట నిలబడిన గొంతు లాహోర్‌లో ముప్పైఅయిదేళ్ళు కాయకష్టం చేసి బరువెక్కిన గొంతు. జనం చప్పట్లు కొట్టింది జ్ఞాపకానికి.

2000 డిసెంబర్ 23న కరాచీలో గుండె జబ్బుతో చనిపోయింది. రంజాన్ నెలలో అత్యంత పవిత్రంగా భావించే 27వ రాత్రి అది. ఆ రాత్రే అక్కడే ఖననం చేశారు. ఆమెని జీవితమంతా తప్పుపట్టినవాళ్ళు కూడా ఆ తిథి చూసి పుణ్యాత్మురాలు అన్నారు. లాహోర్‌వాళ్ళకి మాత్రం తమ మనిషిని తమ ఊరికి తీసుకురాలేదన్న కినుక మిగిలింది.

ఆమెని కొత్తగా వినాలనుకునేవాళ్ళు దయచేసి ‘అన్‌మోల్ ఘడీ’తో మొదలుపెట్టొద్దు. అది చివర్లో వినండి. ముందు ‘హీర్ రాంఝా’, తర్వాత ‘ఖైదీ’లోని ఫైజ్ నజ్మ్, ఆ తర్వాత ధైర్యం చేసి ‘షేర్ ఖాన్’ పాటలు. పంజాబీ రాకపోయినా ఫరవాలేదు. ఇవి విన్నాక బొంబాయి పాటలకి వెళ్తే, అవి బాగా పాడే ఇరవై ఏళ్ళ అమ్మాయి పాటల్లా వినిపిస్తాయి. అప్పటికి ఆమె అంతే మరి.